బెర్బటోవ్ బద్ధకస్తుడా? ఆ నడక వెనక ఉన్న ఆట గురించి

మీ ప్రశ్న సారాంశం ఇది: 2017-18 ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) సీజన్‌లో కేరళ బ్లాస్టర్స్ తరఫున ఆడిన బల్గేరియా స్ట్రైకర్ దిమితార్ బెర్బటోవ్‌ని చూశారు, మ్యాచ్‌లో చాలాసేపు నడుస్తూనే కనిపించాడు. ఇలాంటి ఆటగాడికా మాంచెస్టర్ యునైటెడ్ 3 కోట్ల పౌండ్లకు పైగా పోసింది, ఇతను నిజంగా గొప్పవాడేనా, బద్ధకస్తుడని ఇంగ్లండ్ పత్రికలు అన్న మాట నిజమేనా అని అడిగారు.

చాలా ఏళ్లుగా కుర్రాళ్లకు ఫార్వర్డ్ ఆట నేర్పుతున్నాను. నేను ఎక్కువగా వీడియోలు వేసి చూపించే ఇద్దరు ముగ్గురు స్ట్రైకర్లలో బెర్బటోవ్ ఒకడు. కాబట్టి జవాబు ముందే చెప్పేస్తాను. గొప్ప ఆటగాడే. బద్ధకస్తుడు కాదు. మీరు చూసినవి 37వ ఏట అడుగుపెడుతున్న మనిషి ఆడిన చివరి తొమ్మిది మ్యాచ్‌లు. అసలు కెరీర్ అంతకు ముందే అయిపోయింది. అది ఎలా సాగిందో తెలిస్తే ఆ నడక కూడా వేరుగా కనిపిస్తుంది.

1981 జనవరి 30న బల్గేరియాలోని బ్లాగోయెవ్‌గ్రాద్‌లో పుట్టాడు. దేశానికి నైరుతి మూల ఉండే ఊరు అది. తండ్రి ఇవాన్ అక్కడి పిరిన్ క్లబ్‌కి, తర్వాత రాజధాని సోఫియాలోని సీఎస్‌కేఏకి ఆడాడు. తల్లి మార్గరీటా హ్యాండ్‌బాల్ క్రీడాకారిణి. అంటే ఇంట్లో ఆట అనేది సరదా కాదు, వృత్తి. 1994 ప్రపంచ కప్‌లో స్తోయిచ్‌కోవ్ ఆరు గోల్స్ కొట్టి, జర్మనీని ఓడించి బల్గేరియా నాలుగో స్థానంలో నిలిచినప్పుడు బెర్బటోవ్‌కి 13 ఏళ్లు. ఆ తరం పిల్లలందరికీ స్తోయిచ్‌కోవ్ దేవుడు. బెర్బటోవ్ మాత్రం డచ్ స్ట్రైకర్ వాన్ బాస్టెన్‌నీ, ఆ తర్వాత న్యూకాసిల్‌కి ఆడిన ఇంగ్లండ్ స్ట్రైకర్ అలన్ షియరర్‌నీ ఆరాధించాడు. న్యూకాసిల్ చొక్కా వేసుకునే పడుకునేవాణ్నని తనే చెప్పాడు. నాకిది ముఖ్యమైన విషయంగా తోస్తుంది. వాన్ బాస్టెన్ నుంచి బంతిని మెత్తగా అందుకోవడం, షియరర్ నుంచి గోల్ ముందు తొణక్కుండా ఉండటం, రెండూ అతని ఆటలో కనిపిస్తాయి.

17 ఏళ్లకే సీఎస్‌కేఏకి తీసుకెళ్లింది దిమితార్ పెనెవ్, 1994 జట్టుకు కోచ్ అతనే. 1999లో బల్గేరియన్ కప్ గెలిచారు. కానీ 1990ల చివర్లో బల్గేరియాలో ఫుట్‌బాల్ అంటే మైదానం ఒక్కటే కాదు. కమ్యూనిస్టు పాలన పోయాక పుట్టుకొచ్చిన ముఠాల చేతుల్లోకి క్లబ్బులు కూడా వెళ్లాయి. 18 ఏళ్ల వయసులో బెర్బటోవ్‌ని కొందరు ఎత్తుకెళ్లి, తమ క్లబ్‌లో చేరమని బెదిరించారు. తండ్రి ఫోన్లు చేసి, తెలిసినవాళ్లను పట్టుకుని విడిపించుకున్నాడు. తర్వాత కాలంలో బెర్బటోవ్ దీని గురించి బహిరంగంగానే మాట్లాడాడు. గోల్ మిస్సయితే కూడా ముఖంలో మార్పు రాని మనిషి అని అతణ్ని తిట్టేవాళ్లు ఈ సంగతి కూడా గుర్తుంచుకుంటే బాగుంటుంది.

2001 జనవరిలో జర్మనీ వెళ్లాడు, బేయర్ లెవర్‌కూసెన్‌కి. తర్వాతి సీజన్, 2001-02, ఆ క్లబ్ చరిత్రలోనే గుండె కోసే సీజన్. జర్మనీ మొదటి డివిజన్ లీగ్ అయిన బుండెస్‌లీగాలో చివరి మూడు మ్యాచ్‌ల ముందు ఐదు పాయింట్ల ఆధిక్యంలో ఉండి, ఒక్క పాయింట్ తేడాతో టైటిల్‌ని డార్ట్‌మండ్‌కి వదిలేసుకున్నారు. జర్మన్ కప్ ఫైనల్లో బెర్బటోవ్ మొదటి గోల్ కొట్టినా షాల్కే చేతిలో 4-2తో ఓడారు. నాలుగు రోజులకే గ్లాస్గోలో చాంపియన్స్ లీగ్ ఫైనల్, రియల్ మాడ్రిడ్ చేతిలో 2-1. జిదాన్ వాలీ గోల్ (కింద పడకముందే బంతిని తన్ని కొట్టినది) అందరికీ గుర్తుండే మ్యాచ్ అది. మొదటి సగం పూర్తవకముందే సబ్‌స్టిట్యూట్‌గా దిగాడు ఈ 21 ఏళ్ల కుర్రాడు. అంతకుముందు క్వార్టర్ ఫైనల్లో లివర్‌పూల్‌ని 4-2తో కొట్టినప్పుడు ఒక గోల్ అతనిదే.

ఆ ఎండాకాలంలో జట్టు కీలక ఆటగాళ్లు బలాక్, జే రొబెర్తో బయర్న్‌కి వెళ్లిపోయారు. మరుసటి ఏడాది లెవర్‌కూసెన్ రెండో డివిజన్‌కి పడిపోయే ప్రమాదం అంచుదాకా వెళ్లి బతికింది. బెర్బటోవ్ అక్కడే ఉండి ఎదిగాడు. 2003-04లో లీగ్‌లో 16 గోల్స్, తర్వాత 20, ఆ తర్వాత 21. బద్ధకస్తుడికి మూడేళ్లు వరసగా ఇలా మెట్లెక్కడం కుదరదు. జర్మనీలో డిఫెండర్లు అంత మర్యాదస్తులేం కాదు.

ఇక్కడ కాస్త ఆగి, అతని ఆటలో అసలు పనేమిటో చెప్పాలి. ఇది తెలియకపోతే మిగతా కథంతా అంకెల్లాగే ఉంటుంది.

నలభై మీటర్ల దూరం నుంచి గాల్లో వచ్చే బంతిని మామూలు స్ట్రైకర్ అందుకుంటే అది కాలికి తగిలి ఒకటి రెండు మీటర్లు పక్కకు పోతుంది. ఆ దూరంలోకి డిఫెండర్ కాలు పెడతాడు. స్ట్రైకర్ పరుగెత్తి, ఒంటితో తోసి, బంతిని మళ్లీ దక్కించుకోవాలి. చూసేవాళ్లకు అది కష్టపడటంలా కనిపిస్తుంది. నిజానికి తన మొదటి టచ్‌లో జరిగిన తప్పును తనే సరిదిద్దుకుంటున్నాడు. బెర్బటోవ్‌కి ఆ రెండో పరుగు అవసరమే ఉండదు. బంతి తగిలే క్షణంలో చీలమండ వదులు చేసి, పాదాన్ని బంతితో పాటు కొద్దిగా వెనక్కి తీసుకుంటాడు. వేగం చచ్చిపోయి బంతి బూటు ముందే పడుతుంది. ఇది సగం పని. మిగతా సగం బంతి రాకముందే అయిపోతుంది. భుజం మీదుగా ఒకసారి వెనక్కి చూసి, డిఫెండర్ ఏ కాలి మీద బరువు వేసి నిలబడ్డాడో గమనిస్తాడు. ఒంటిని సగం తిప్పి ఉంచుతాడు. టచ్ అయ్యేసరికి తర్వాతి పాస్ ఎవరికో నిర్ణయం అయిపోయి ఉంటుంది.

అతను నడుస్తున్నట్టు కనిపించే సమయమంతా ఈ పనికే. నేను కుర్రాళ్లకు చూపించేది గోల్స్ కాదు, బంతి అతని దగ్గరికి రావడానికి ముందు రెండు సెకన్లు. ఆ రెండు సెకన్లలో అతని తల ఎన్నిసార్లు తిరిగిందో చూడమంటాను.

2006 జూలైలో దాదాపు 1.09 కోట్ల పౌండ్లకు లండన్ క్లబ్ టాటెన్‌హామ్ కొనుక్కుంది. కోచ్ మార్టిన్ యోల్. నా లెక్కలో బెర్బటోవ్ ఆట అతి అందంగా కనిపించింది ఈ రెండేళ్లే, దానికి కారణం అక్కడ పక్కన ఆడిన స్ట్రైకర్ రాబీ కీన్. బంతి బెర్బటోవ్ దగ్గర ఆగుతుందని కీన్‌కి నమ్మకం. అందుకే బంతి ఇంకా గాల్లో ఉండగానే పరుగు మొదలుపెట్టేవాడు. ఒకడు ఆపుతాడు, ఇంకొకడు ఉరుకుతాడు. 2007-08లో ఇద్దరూ అన్ని పోటీలూ కలిపి చెరో 23 గోల్స్ కొట్టారు. 2007 డిసెంబర్ 29న రెడింగ్ మీద 6-4తో గెలిచిన మ్యాచ్‌లో బెర్బటోవ్‌వే నాలుగు. 2008 ఫిబ్రవరి 24న వెంబ్లీలో లీగ్ కప్ ఫైనల్. చెల్సీ 1-0తో ముందుంది. 70వ నిమిషంలో పెనాల్టీ. బెర్బటోవ్ దాన్ని లోపలికి పంపిన తీరు చూడండి, ప్రాక్టీస్‌లో ఉన్నట్టే ఉంటాడు. అదనపు సమయంలో టాటెన్‌హామ్ డిఫెండర్ వుడ్‌గేట్ గోల్‌తో కప్పు వచ్చింది.

అదే ఏడాది సెప్టెంబర్ 1, ట్రాన్స్‌ఫర్లకు ఆఖరి రోజు. ఆ రోజే మాంచెస్టర్ సిటీని అబుదాబి పెట్టుబడిదారులు కొన్నారు, వాళ్లూ బెర్బటోవ్ కోసం డబ్బు పట్టుకుని నిలబడ్డారు. యునైటెడ్ మేనేజర్ అలెక్స్ ఫెర్గూసన్ స్వయంగా ఎయిర్‌పోర్ట్‌కి వెళ్లి ఎక్కించుకుని వచ్చాడు. ధర 3.075 కోట్ల పౌండ్లు, అప్పటికి యునైటెడ్ ఎవరికీ అంత పెట్టలేదు. ఆ అంకే తర్వాత అతని మెడకు బండ అయింది. అంత డబ్బు పోశాక జనం ప్రతి నిమిషం పరుగు చూడాలనుకుంటారు.

అసలు చిక్కు మాత్రం డబ్బు కాదు, జట్టు ఆడే తీరు. 2008 నాటి యునైటెడ్‌లో రొనాల్డో, రూనీ, తేవెజ్ ఉన్నారు. వాళ్ల ఆయుధం కౌంటర్ అటాక్. బంతి దొరికిన పది సెకన్లలోపు అవతలి గోల్ ముందు ఉండాలి. అలాంటి జట్టులోకి బంతిని ఆపి, చూసి, తూకం వేసి ఇచ్చేవాడు వచ్చాడు. కొన్నిసార్లు అది అద్భుతంగా పనిచేసింది. ఆ అక్టోబర్‌లో వెస్ట్‌హామ్ మీద గోల్ లైన్ అంచున, బంతి బయటికి పోతున్న చోట, డిఫెండర్ జేమ్స్ కాలిన్స్ ఒంటి పక్కనుంచి ఒక్క తిప్పుతో లోపలికొచ్చి రొనాల్డోకి అందించిన గోల్ ఇప్పటికీ చూపిస్తారు. అది గారడీ కాదు. కాలిన్స్ బరువు ఏ కాలి మీద ఉందో ముందే చూసుకున్నాడు, అంతే. ఇంకొన్నిసార్లు మాత్రం రూనీ ఇరవై గజాలు ముందుకు ఉరికి, బంతి రాక, చేతులు ఎగరేస్తూ తిరిగొచ్చేవాడు. మొదటి సీజన్‌లో లీగ్‌లో 9 గోల్స్, రెండో దాంట్లో 12. టైటిల్ గెలిచిన ఏడాది కూడా పత్రికలు ఊరుకోలేదు. 2009 ఎఫ్‌ఏ కప్ సెమీఫైనల్లో ఎవర్టన్ మీద షూటౌట్‌లో పెనాల్టీ పోగొట్టినప్పుడు తిట్లన్నీ అతని మీదకే వచ్చాయి, ఫెర్డినాండ్ కూడా మిస్ చేసిన సంగతి ఎవరికీ పట్టలేదు.

2010-11 గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే రెండు పక్షాలూ వాదించేది ఈ సీజన్ పట్టుకునే. సెప్టెంబర్ 19న యునైటెడ్ సొంత మైదానం ఓల్డ్ ట్రాఫర్డ్‌లో లివర్‌పూల్ మీద హ్యాట్రిక్ (ఒకే మ్యాచ్‌లో మూడు గోల్స్), 3-2తో గెలుపు. 1946 తర్వాత లివర్‌పూల్ మీద యునైటెడ్ ఆటగాడు హ్యాట్రిక్ కొట్టడం అదే మొదటిసారి. రెండో గోల్‌కి సహచరుడు నానీ పక్కనుంచి ఇచ్చిన క్రాస్‌ని తొడ మీద ఆపి, వీపు గోల్ వైపు ఉండగానే గాల్లోకి లేచి తల మీదుగా తన్నాడు. బంతి క్రాస్‌బార్‌ని తాకి లోపలికి పోయింది. ఆ తర్వాత రెండు నెలలకు పైగా గోల్ లేదు. నవంబర్ 27న బ్లాక్‌బర్న్ మీద ఒకే మ్యాచ్‌లో ఐదు. ఇంగ్లండ్ మొదటి డివిజన్ అయిన ప్రీమియర్ లీగ్‌లో అప్పటికి ఆండీ కోల్, షియరర్, డెఫో తర్వాత ఆ ఘనత సాధించిన నాలుగోవాడు, ఇంగ్లండ్ బయటివాళ్లలో మొదటివాడు. చిన్నప్పుడు ఎవరి చొక్కా వేసుకుని పడుకున్నాడో ఆ షియరర్ పక్కనే ఇప్పుడు తన పేరు. జనవరిలో బర్మింగ్‌హామ్ మీద మరో హ్యాట్రిక్. మొత్తం 20 లీగ్ గోల్స్, తేవెజ్‌తో కలిసి గోల్డెన్ బూట్ (లీగ్‌లో ఎక్కువ గోల్స్ కొట్టినవాళ్లకిచ్చే బహుమతి), జట్టుకి టైటిల్.

అతని విమర్శకులు చెప్పే ఒక మాట నిజం. 20లో 11 గోల్స్ మూడే మ్యాచ్‌లలో వచ్చాయి. దీన్ని దాచాల్సిన పనిలేదు. బెర్బటోవ్‌కి లయ దొరికితే ఆపలేం, దొరకని రోజు జట్టుకి పదిమందితో ఆడినట్టే ఉంటుంది. అయితే మిగతా తొమ్మిదిలో మార్చి నెలలో బోల్టన్ మీద చివరి నిమిషాల్లో వచ్చిన ఏకైక గోల్ ఉంది, బ్లాక్‌పూల్‌లో 2-0తో వెనకబడి 3-2తో గెలిచిన రోజు కొట్టిన రెండు ఉన్నాయి. అవి లేకపోతే టైటిల్ రేసు ఇంకో రకంగా నడిచేది.

మే 28న వెంబ్లీలో బార్సిలోనాతో చాంపియన్స్ లీగ్ ఫైనల్. గోల్డెన్ బూట్ గెలిచినవాడు తుది జట్టులో లేడు, బెంచ్ మీద కూడా లేడు. ఆ చోటు మైకేల్ ఓవెన్‌కి ఇచ్చారు. ఫెర్గూసన్ లెక్క నాకు అర్థమవుతుంది. బార్సిలోనాతో ఆడేటప్పుడు బంతి ఎలాగూ యునైటెడ్ దగ్గర ఉండదు, దొరికిన కాస్త సమయంలో డిఫెన్స్ వెనక్కి పరుగెత్తే హెర్నాండెజ్ కావాలి, ఓవెన్ కూడా అదే రకం. కాబట్టి మొదటి పదకొండు మందిలో తీసుకోకపోవడం సరైనదే. కానీ ఆ ఏడాది జట్టుకి అందరికన్నా ఎక్కువ లీగ్ గోల్స్ కొట్టినవాణ్ని పద్దెనిమిది మందిలో కూడా లేకుండా చేయడం తప్పని నా గట్టి అభిప్రాయం. 3-1తో ఓడిపోతూ బంతి ఎవరి దగ్గరా నిలవని ఆఖరి ఇరవై నిమిషాల్లో, బంతిని పట్టుకుని నిలబడగల మనిషి ఒక్కడైనా బెంచ్ మీద ఉండాల్సింది.

ఇది అతని ఒక్కడి కథ కూడా కాదు. అదే కాలంలో యూరప్ అంతా ఇద్దరు స్ట్రైకర్ల పద్ధతి వదిలేసింది. ముందు ఒక్కడే ఉంటాడు, అతనే డిఫెండర్ల మీద పడి మొదటి ప్రెస్సింగ్ (బంతి ఉన్నవాడి మీద ఒత్తిడి) మొదలుపెట్టాలి. బెర్బటోవ్‌లాంటి వాళ్లు బతికేది ఇంకో స్ట్రైకర్ పక్కన, కాస్త వెనక. ఆ చోటే మాయమవుతోంది. యునైటెడ్‌లో ఆఖరి సీజన్‌లో లీగ్‌లో పన్నెండు మ్యాచ్‌లే దొరికినా 7 గోల్స్ కొట్టాడు, అందులో క్రిస్మస్ మరునాడు విగాన్ మీద ఒక హ్యాట్రిక్. యునైటెడ్ లెక్క మొత్తం 149 మ్యాచ్‌లు, 56 గోల్స్, రెండు లీగ్ టైటిల్స్.

దేశం తరఫున అతని లెక్క వేరే. 78 మ్యాచ్‌లలో 48 గోల్స్. 2009 నవంబర్‌లో మాల్టా మీద రెండు కొట్టి హ్రిస్తో బోనెవ్ పేరిట ఉన్న 47 గోల్స్ రికార్డు దాటాడు. స్తోయిచ్‌కోవ్ కూడా ఆ అంకెకు చేరలేదు. బల్గేరియా ఉత్తమ ఫుట్‌బాలర్ అవార్డు ఏడుసార్లు గెలిచాడు. అయినా స్వదేశంలో అతని మీద స్తోయిచ్‌కోవ్ మీదున్నంత ప్రేమ లేదు. కారణం కనిపిస్తూనే ఉంది. స్తోయిచ్‌కోవ్ పక్కన లెచ్‌కోవ్, బలాకోవ్, కొస్తాదినోవ్ ఉన్నారు. బెర్బటోవ్‌కి దొరికింది ఒక్క పెద్ద టోర్నీ, యూరో 2004. మూడు మ్యాచ్‌లూ ఓడిపోయారు, స్వీడన్ చేతిలో 5-0 సహా. ప్రపంచ కప్ ఒక్కటీ ఆడలేదు. 2010 మేలో, 29 ఏళ్లకే జాతీయ జట్టుకు వీడ్కోలు చెప్పేశాడు. ఆ నిర్ణయం తొందరపాటేనని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది, మరుసటి ఏడాదే గోల్డెన్ బూట్ గెలిచాడు మరి.

తర్వాతి ఏళ్లు త్వరగా చెప్పేస్తాను. 2012లో మళ్లీ మార్టిన్ యోల్ దగ్గరికే, ఫుల్‌హామ్‌కి. మొదటి సీజన్‌లో 15 లీగ్ గోల్స్. ఒక గోల్ తర్వాత జెర్సీ ఎత్తి, లోపలి టీషర్ట్ మీద ‘కంగారు పడకుండా బంతి నాకివ్వండి’ అనే అర్థం వచ్చే వాక్యం చూపించింది ఇక్కడే. 2014 జనవరిలో, తమ స్ట్రైకర్ ఫాల్కావ్ గాయపడటంతో ఫ్రెంచ్ లీగ్ క్లబ్ మొనాకో పిలిచింది. 2015 ఫిబ్రవరిలో లండన్‌లోని ఎమిరేట్స్ స్టేడియంలో ఆర్సెనల్ మీద మొనాకో 3-1తో గెలిచిన రాత్రి రెండో గోల్ అతనిది, అప్పటికి 34 ఏళ్లు. తర్వాత గ్రీస్‌లో పీఏఓకే, ఆపైన ఒక ఏడాది క్లబ్బే లేదు.

అప్పుడొచ్చింది కేరళ. కోచ్ రెనె మ్యూలెన్‌స్టీన్, యునైటెడ్‌లో ఫెర్గూసన్ దగ్గర పనిచేసినవాడు, బెర్బటోవ్‌కి బాగా తెలిసినవాడు. వెస్ బ్రౌన్ కూడా వచ్చాడు. మనవాళ్లకు ఇందులో ఒక దగ్గరి సంబంధం ఉంది: ఆ రోజుల్లో కేరళ బ్లాస్టర్స్ యాజమాన్యంలో సచిన్‌తో పాటు చిరంజీవి, నాగార్జున, అల్లు అరవింద్, నిమ్మగడ్డ ప్రసాద్ భాగస్వాములు. అంటే యునైటెడ్ మాజీ గోల్డెన్ బూట్ విజేత మన తెలుగువాళ్ల క్లబ్‌లో ఆడాడన్నమాట.

అక్కడ ఎందుకు కుదరలేదంటే, ఏడాది పాటు క్లబ్ ఆట లేని శరీరం, మధ్యలో గాయం, స్ట్రైకర్‌గా కాక మిడ్‌ఫీల్డ్‌లో ఆడాల్సి రావడం. జనవరి మొదట్లోనే మ్యూలెన్‌స్టీన్ వెళ్లిపోయి డేవిడ్ జేమ్స్ వచ్చాడు. ఇంకో ముఖ్యమైన కారణం, బెర్బటోవ్ ఆట ఒంటరిగా ఆడేది కాదు. అతను బంతి ఆపే లోపే పరుగు మొదలుపెట్టే కీన్ లాంటివాడు పక్కన ఉండాలి. కొచ్చిలో అతని చుట్టూ ఉన్న కుర్రాళ్లు అతను బంతి ఆపాక, అప్పుడు ఏం చేయాలా అని చూసేవారు. ఆ ఒక్క సెకను చాలు, దారి మూసుకుపోవడానికి. 2018 ఫిబ్రవరిలో కోల్‌కతాలో అక్కడి క్లబ్ ఏటీకేతో 2-2 డ్రా మ్యాచ్‌లో కొట్టిన గోల్ ఒక్కటే మిగిలింది. వెళ్లిపోయేటప్పుడు కోచ్ వ్యూహాన్ని సోషల్ మీడియాలో ఘాటుగా విమర్శించాడు. 2019లో రిటైర్మెంట్ ప్రకటించాడు. ఆ తర్వాత బల్గేరియా ఫుట్‌బాల్ సమాఖ్య అధ్యక్ష పదవికి పోటీ చేశాడు. 2021లో బొరిస్లావ్ మిహైలోవ్ చేతిలో, 2024లో గెయోర్గి ఇవానోవ్ చేతిలో ఓడిపోయాడు. ఆ మిహైలోవ్ 1994 జట్టుకి గోల్‌కీపర్, కెప్టెన్ కూడా.

ఇక మీరు స్వయంగా తేల్చుకోవాలంటే ఒక పని చేయండి. హైలైట్స్ వద్దు, వాటిలో బంతి ఉన్న చోటే కనిపిస్తుంది. 2008 లీగ్ కప్ ఫైనల్ పూర్తి మ్యాచ్ దొరికితే పెట్టుకుని, మొదటి అరగంట బంతిని వదిలేసి అతని తల మీదే కన్ను వేయండి. ఆ తర్వాత 2010 లివర్‌పూల్ మ్యాచ్ కూడా అలాగే చూడండి. మీరు పిల్లలకు ఆట నేర్పేవారైతే అదే మ్యాచ్‌లో అతని చీలమండను స్లో మోషన్‌లో చూపించండి. పదేళ్ల పిల్లలకు కూడా ఆ మెళకువ పట్టుబడుతుంది, గోడకు బంతి కొట్టి ఆపే ప్రాక్టీస్ రోజూ చేయిస్తే చాలు. భుజం మీదుగా చూడటం నేర్పడానికే ఎక్కువ కాలం పడుతుంది, దాన్ని ఆలస్యం చేయకుండా మొదలుపెట్టండి.